అదే మందండీ, కంపెనీయే వేరు అని ఇవ్వకండి బాబూ

అమలాపురం, రాజోలు, మలికిపురం, ముమ్మిడివరం, పాలకొల్లు, నరసాపురం, భీమవరం, ఇలా గోదావరికి ఇటూ అటూ ఉన్న మెడికల్ షాపుల ఓనర్లకి, ఫార్మసిస్టులకి, కౌంటర్లో నిలబడి మందులు తీసిచ్చే కుర్రాళ్ళకి, వీళ్ళతో పాటు మా పల్లెటూళ్ళ ఆర్‌ఎంపీ డాక్టర్లకి కూడా

నమస్కారమండి.

మాది మలికిపురం దాటాక ఒక ఊరు. పేరెందుకు లెండి, చెప్తే మీలో సగంమంది గుర్తుపడతారు. మా తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడైపోయి చాన్నాళ్ళు డయాలసిస్ మీద ఉన్నాడు, తర్వాత విశాఖపట్నంలో నా ఎడమ కిడ్నీ తీసి వాడికి పెట్టారు. అంటే నా వస్తువు వాడి దగ్గరుంది, అది పాడవకుండా చూసే మందులు మీ బీరువాల్లో ఉన్నాయి, అంచేత మీతో నాకు పని పడింది.

చెప్పాల్సింది చిన్న సంగతే. కిడ్నీ మార్పించుకున్నవాళ్ళో లివర్ మార్పించుకున్నవాళ్ళో చీటీ పట్టుకొచ్చినప్పుడు దానిమీద ఏ కంపెనీ పేరుంటే ఆ కంపెనీదే ఇవ్వండి, ఎంత పవర్ రాసుంటే అంతే ఇవ్వండి, లేకపోతే లేదనండి. లేదంటే మేమేం అనుకోం. ఇంకోటి, మాకు జలుబు బిళ్ళ అమ్మే ముందు కూడా "ఇంకేమైనా మందులు వాడుతున్నారా అండి" అని ఒక్క మాట అడగండి. ఈ ఉత్తరమంతా ఆ రెండు మాటల కోసమే. ఎందుకంత పట్టింపు అంటారా, అది చెప్పాలంటే మాత్రం కొంచెం పొడుగవుద్ది.

ముందు జరిగింది చెప్తాను. షాపు పేరు చెప్పను, టౌను పేరు కూడా చెప్పను, ఇది ఒక్క షాపు సంగతైతే వెళ్ళి మొహమ్మీదే అడిగేదాన్ని, బహిరంగంగా రాసేదాన్ని కాదు. పెట్టిన కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా చూసే మందు టాక్రోలిమస్, విశాఖ నుంచి తెచ్చుకున్న ఆ క్యాప్సూల్స్ అయిపోవచ్చాయి, వానలు పట్టుకున్నాయి, వెళ్ళడం కుదర్లేదు. తమ్ముడు దగ్గర్లో టౌనుకి వెళ్ళి ఖాళీ స్ట్రిప్పు చూపించాడు. కౌంటర్లో కుర్రాడు లోపలికెళ్ళొచ్చి "అదే మందు సార్, కంపెనీయే వేరు, రేటు కూడా తక్కువ" అని చేతిలో పెట్టాడంట. మావాడు "డాక్టరు గారు ఇదే వాడమన్నారండి" అంటే "లోపల సరుకు ఒకటేనండి, మీకెందుకు, నేను ఎంతమందికి ఇవ్వట్లేదు" అన్నాడంట. అంత ధైర్యంగా చెప్తే ఎవరైనా నమ్ముతారు కదా. తెచ్చుకున్నాడు, వాడాడు. ఒంట్లో ఏం తేడా తెలీలేదు. దీంతో వచ్చిన చిక్కే అది, నొప్పి ఉండదు, జొరం ఉండదు, మనిషి మామూలుగానే తిని తిరుగుతుంటాడు. తర్వాత చెకప్ రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీ పని తగ్గేకొద్దీ పెరిగే అంకె, ఎప్పుడూ 1.2 దగ్గరుండేది 1.9 చూపించింది, టాక్రో లెవెల్, అంటే రక్తంలో ఆ మందు ఎంతుందో చేయిస్తే 3కి దిగిపోయి ఉంది. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేసి రిజెక్షన్, అంటే ఒళ్ళు ఆ కిడ్నీని తిప్పికొట్టడం మొదలైందన్నారు. ఆస్పత్రిలో పడుకోబెట్టి స్టెరాయిడ్ సెలైన్లో ఎక్కించారు, వరసగా మూడ్రోజులు. కిడ్నీ నిలబడింది, ఆ దేవుడి దయ, కానీ క్రియాటినిన్ మళ్ళీ పాత అంకెకి రాలేదు, 1.5 దగ్గర ఆగిపోయింది.

బ్రాండు మారడం వల్లే ఇదంతా అని ఏ డాక్టరూ కాయితం మీద రాసివ్వడు, నాకూ తెలుసు. మా డాక్టరు గారు కూడా "కారణాలు చాలా ఉంటాయమ్మా, కాకపోతే మీరు చెప్పినదాంట్లో మారింది ఇదొక్కటే కదా" అని ఊరుకున్నారు. నాకు ఆ మాట చాలు.

ఇప్పుడు అసలు సంగతి. మీలో డీ-ఫార్మసీ, బీ-ఫార్మసీ చదివినవాళ్ళకి ఇది తెలిసిందే, కానీ కౌంటర్లో ఉండే కుర్రాళ్ళందరూ చదివినవాళ్ళు కాదు కదా, గోడమీద సర్టిఫికెట్ ఒకరిది, మందులిచ్చే చెయ్యి ఇంకొకరిది, అది మనందరికీ తెలిసిందే, ఇక్కడ దాని జోలికి పోను. మన ఒంటికి తనది కానిది ఏది కనపడినా తెల్లకణాలు మీద పడతాయి. అది రోగక్రిమా, అక్క ఇచ్చిన కిడ్నీయా అన్న మొహమాటం వాటికి లేదు. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే అనే డాక్టరు చేసిన కిడ్నీ మార్పిడి మొట్టమొదటిసారి నిలబడిందంటే ఇచ్చినాయనా పుచ్చుకున్నాయనా ఒకే పోలిక కవలలు కాబట్టి, ఒంటికి తేడా తెలీలేదు. కవలలు లేని మిగతా లోకానికి 1960ల్లో ఒంటి ఇమ్యూనిటీ తగ్గించే అజాథియోప్రిన్ అనే మందు వచ్చేదాకా దారి లేదనే చెప్పాలి. మన దేశంలో 1971లో వెల్లూరు సీఎంసీ ఆస్పత్రిలో చేసింది నిలబడింది. ఆ తర్వాత నార్వే మట్టిలో దొరికిన ఒక బూజులోంచి సైక్లోస్పోరిన్ అనే అలాంటి మందే ఇంకోటి తీశారు, 1983లో అమెరికాలో దానికి అనుమతొచ్చింది. 1984లో జపాన్‌లో సుకుబా అనే ఊరి మట్టిలో ఉండే బ్యాక్టీరియా నుంచి ఈ టాక్రోలిమస్ బయటపడింది. ఇప్పుడు కిడ్నీ మార్చినవాళ్ళలో ఎక్కువమంది టాక్రోలిమస్, మైకోఫెనలేట్, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఈ మూడూ కలిపి వాడతారు. ఎన్నాళ్ళు అంటే ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్ళూ. మా చుట్టాల్లో ఒకాయన "ఇన్నాళ్ళయింది కదా, ఇంకా మందులేంటి, అలవాటు పడిపోయుంటది" అన్నాడు ఒక పెళ్ళిలో, అందరి ముందూ. అలవాటు పడదండి. ఎన్నేళ్ళైనా సరే ఆపితే గుర్తుపట్టేస్తుంది.

అయితే ఈ టాక్రోలిమస్ అన్ని మందుల్లాంటిది కాదు. రక్తంలో ఎంతుందో కొలిచి మరీ వాడాల్సిన మందు. పొద్దున్న బిళ్ళ వేసుకోకముందు రక్తం తీసి చూస్తారు, మిల్లీలీటరుకి ఇన్ని నానోగ్రాములు అని వస్తుంది, కొత్తలో 8 నుంచి 12 మధ్య ఉంచుతారు, ఏడాది దాటాక 5 నుంచి 8, ఆస్పత్రిని బట్టీ మనిషిని బట్టీ కొంచెం అటూ ఇటూ. తగ్గిందా రిజెక్షన్. పెరిగిందా చేతులు వణుకుతాయి, లేని షుగరొస్తుంది, పొటాషియం పెరుగుద్ది, లేనిపోని ఇన్ఫెక్షన్లు పట్టుకుంటాయి, అన్నిటికన్నా విడ్డూరం ఏంటంటే ఏ కిడ్నీని కాపాడ్డానికి వేసుకుంటున్నామో ఆ కిడ్నీనే ఈ మందు దెబ్బతీస్తుంది. నాట్లేసిన చేలో నీళ్ళు పెట్టినట్టే ఇది, నాలుగు వేళ్ళు ఎక్కువైతే మునిగిపోద్ది, తక్కువైతే ఎండిపోద్ది, మధ్యలో ఆ కాస్తలోనే ఉంచాలి.

పైగా మింగిందంతా రక్తంలోకి వెళ్ళదు. సగటున పావు వంతు దాకా వెళ్తుందంతే, మిగతాది పేగుల్లో, లివర్‌లో విరిగిపోద్ది, అది కూడా మనిషికీ మనిషికీ చాలా తేడా. ఒకాయనకి రోజుకి 2 మిల్లీగ్రాములు చాలు, అంతే బరువున్న ఇంకొకాయనకి 8 కావాల్సి రావచ్చు. అంచేత డాక్టరు చేసేదేంటంటే ఒక కంపెనీ మందు పట్టుకుని, డోసు పెంచుతూ తగ్గిస్తూ, లెవెల్ చూస్తూ చూస్తూ ఆ మనిషికి సరిపడా ఒక లెక్కకి తీసుకొస్తాడు. ఆ లెక్క ఆ కంపెనీ మందుతో కట్టిన లెక్క. మీరు కౌంటర్లో కంపెనీ మార్చేస్తే ఆ లెక్క పోయినట్టే, మళ్ళీ రక్తం తీసి చూసుకోవాలి. ఆ సంగతి మాకు చెప్పకుండా మారిస్తే మేమెలా చూసుకుంటాం చెప్పండి?

ఇక్కడ ఒకటి క్లియర్‌గా చెప్పాలి, లేకపోతే నన్ను జెనరిక్ మందుల మీద దుమ్మెత్తిపోస్తోంది అనుకుంటారు. కాదండి. తమ్ముడు వాడేది కూడా మన దేశం కంపెనీ తయారుచేసిన జెనరికే, బయటి దేశం ఒరిజినల్ కొనే తాహతు మాకు లేదు. ఏ కంపెనీదైనా సరే మొదట్నుంచీ అదే వాడుతూ ఉంటే పర్లేదు, డాక్టరు చెప్పి మార్పించి లెవెల్ చూసుకున్నా పర్లేదు. చెప్పకుండా ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకోటి, అదీ ప్రమాదం. మామూలు జెనరిక్ మందులకి రక్తంలో చేరే మొత్తం అసలు మందుతో పోలిస్తే 80 నుంచి 125 శాతం హద్దుల్లో ఉంటే సమానమే అని ఒప్పుకుంటారు, యూరప్ వాళ్ళు టాక్రోలిమస్‌కి ఆ హద్దుని 90 నుంచి 111కి బిగించారు. బ్రిటన్‌లో మందుల మీద అజమాయిషీ చేసే సంస్థ 2012లోనే డాక్టర్లు టాక్రోలిమస్‌ని బ్రాండు పేరుతోనే రాయాలి, షాపుల వాళ్ళు బ్రాండు పేరుతోనే ఇవ్వాలి అని చెప్పేసింది. 2023లో అమెరికాలో మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ ఒక కంపెనీ జెనరిక్ టాక్రోలిమస్‌కి అంతకుముందు ఇచ్చిన "సమానం" అనే గ్రేడు వెనక్కి తీసేసుకుంది, రక్తంలో ఒక్కసారిగా ఎక్కే మోతాదు ఎక్కువగా ఉందని. అంత పెద్ద దేశాల్లో అంత పెద్ద ఆఫీసర్లు ఇంత తర్జనభర్జన పడుతుంటే మా టౌన్లో కుర్రాడు పది సెకన్లలో తేల్చేశాడు.

పోనీ అక్కడి సంగతి వదిలేయండి, మన రూలే చూద్దాం. డ్రగ్స్ రూల్స్ 1945లో 65వ రూలు మీకందరికీ తెలుసు, లైసెన్సు దాని మీదే కదా నడుస్తోంది. షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ మందులు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి, చీటీలో రాస్తే దానికి బదులు వేరే తయారీ ఇవ్వకూడదు, లోపల ఉన్నది అదే మందైనా సరే ఇవ్వకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. అంటే నేను మిమ్మల్ని కొత్త సాయం ఏం అడగట్లేదు.

మీ బాధలు నాకు తెలీవని కాదు. మా మావయ్య కొడుక్కి షాపుంది, వాడు చెప్తుంటాడు. ఈ మందులు ఖరీదు, ఊరికి ఇద్దరో ముగ్గురో వాడేవాళ్ళుంటారు, డబ్బా తెప్పించి పెడితే వాడే మనిషి వేరే షాపుకి పోతే ఎక్స్‌పైరీ అయిపోయి నష్టం నెత్తిన పడుద్ది, డిస్ట్రిబ్యూటరు రాజమండ్రిలోనో కాకినాడలోనో ఉంటాడు, అతని దగ్గర ఏ కంపెనీ ఉంటే అదే పంపిస్తాడు, ఏదో కంపెనీ రిప్రజెంటేటివ్ వచ్చి మార్జిన్ బావుంటుందని స్టాకు అంటగడతాడు. అన్నీ నిజమే. అందుకే మేం కూడా ఒక షాపునే పట్టుకుని ఉంటాం, ఫోన్ నంబరిచ్చి వెళ్తాం, అడ్వాన్సు కావాలంటే ఇస్తాం. 2024 నుంచి మార్పిడి చేయించుకున్నవాళ్ళకి పింఛను నెలకి 10,000 చేశారు కదా, ఒకటో తారీకు సచివాలయం అమ్మాయి ఇంటికొచ్చి చేతిలో పెడితే ఆ డబ్బులు ఇంట్లో ఒక్క రాత్రి పడుకోవు, మర్నాడే మందుల షాపుకి పోతాయి. మీ గిరాకీ ఎక్కడికీ పోదు.

కంపెనీ ఒక్కటే కాదు, పవర్ కూడా చూడండి. టాక్రోలిమస్ 0.5 మిల్లీగ్రాములది ఉంటుంది, 1 ఉంటుంది, 5 కూడా ఉంటుంది. సున్నా చుక్క కనపడక 0.5 బదులు 5 ఇచ్చారంటే పదింతలు. చీటీ మీద డాక్టరు గారి చేతిరాత ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా. అలాగే పొద్దున్నా రాత్రీ వేసుకునే మామూలు క్యాప్సూల్ వేరు, రోజుకి ఒక్కసారే వేసుకునే నెమ్మదిగా కరిగే రకం వేరు, రెండింటి మీదా టాక్రోలిమస్ అనే ఉంటుంది, ఒకదాని బదులు ఇంకోటి ఇవ్వడం వల్ల బయటి దేశాల్లో కిడ్నీలు రిజెక్షన్‌కి వెళ్ళిన కేసులున్నాయి. అజాథియోప్రిన్ అడిగితే అజిత్రోమైసిన్ ఇచ్చే ప్రమాదం కూడా ఉంది, పేర్లు అలా ఏడిశాయి మరి. అనుమానం వస్తే చీటీ మీద ఆస్పత్రి నంబరుంటుంది, ఒక్క ఫోన్ కొట్టండి.

స్ట్రిప్పు కత్తిరించి నాలుగు బిళ్ళలు ఇచ్చే అలవాటు కూడా మాకు మానేయండి దయచేసి. కత్తిరించిన ముక్క మీద కంపెనీ పేరుండదు, ఎక్స్‌పైరీ ఉండదు, బ్యాచ్ నంబరుండదు, రేపు ఏదైనా తేడా వస్తే ఏం వాడామో డాక్టరుకి చూపించడానికి కూడా ఏమీ ఉండదు. ఈ క్యాప్సూల్స్‌కి తేమ పడదని కంపెనీ వాళ్ళు అల్యూమినియం కవరులో పెట్టి ఇస్తారు, మన కోనసీమ గాలి సంగతి తెలుసుగా, ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి నీరు కారుద్ది. ఆ కవరు చింపేసి లూజుగా డబ్బాలో పోసుకోకండి.

ఇంక రెండో మాట, ఇంకేం వాడుతున్నారని అడగడం. ఇది మొదటిదాని కన్నా పెద్దదని నాకనిపిస్తుంది, ఎందుకంటే మా మందులు నెలకోసారి కొంటాం, పక్క మందులు మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ కొంటూనే ఉంటారు. గొంతునొప్పి అంటే క్లారిత్రోమైసిన్ ఇచ్చేస్తారు, అది టాక్రోలిమస్‌ని లివర్ దగ్గర విరగనివ్వదు, మూడు నాలుగు రోజుల్లో లెవెల్ ఎక్కడికో పోతుంది. ఎరిత్రోమైసిన్ కూడా అంతే. తామర ఉంది కదా, మన డెల్టాలో వానాకాలమొస్తే చేలల్లో దిగేవాడికి, రొయ్యల చెరువుల మీద పనిచేసేవాడికి తొడల్లో తామర లేకుండా ఉండదు, సిగ్గుపడి డాక్టరు దగ్గరికి వెళ్ళరు, మీ దగ్గరికొచ్చి చెవిలో చెప్తారు, మీరు ఇట్రాకొనజోల్ కోర్సు చేతిలో పెడతారు. ఫ్లూకొనజోలో, ఇట్రాకొనజోలో, రెండూ మా మందు లెవెల్ని అమాంతం పెంచేస్తాయి. బయట రాసుకునే ఆయింట్‌మెంట్ ఇచ్చి డాక్టరుని అడగమనండి, చాలు.

దీనికి తిరగేసినవీ ఉన్నాయి. టీబీకిచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కిచ్చే ఫినిటాయిన్, కార్బమజపీన్, ఇవి టాక్రోలిమస్‌ని తొందరగా విరగ్గొట్టేస్తాయి, లెవెల్ పడిపోద్ది. ఇంకో తమాషా, బీపీకి వాడే డిల్టియాజెమ్ లెవెల్ పెంచుతుంది, అది తెలిసే కొంతమంది డాక్టర్లు కావాలనే రాస్తారు, తక్కువ టాక్రోలిమస్‌తో సరిపెట్టి పేషెంటుకి డబ్బులు మిగల్చడానికి. అది స్టాకు లేదని "బీపీ బిళ్ళే కదా" అని ఆమ్లోడిపిన్ ఇచ్చారనుకోండి, బీపీ బాగానే ఉంటుంది, లోపల కిడ్నీ మందు తగ్గిపోతుంటుంది. ఎవరికి తెలుస్తుంది? యూరిక్ యాసిడ్ పెరిగి కాలి బొటనవేలు వాచింది అంటే అలోప్యూరినాల్ ఇస్తారు, ఆ మనిషి అజాథియోప్రిన్ వాడుతున్నాడేమో అడక్కుండా ఇస్తే తెల్లకణాలు ఘోరంగా పడిపోతాయి, ప్రాణం మీదకొస్తుంది. మైకోఫెనలేట్ వేసుకునే టైములోనే జెలూసిల్ లాంటి యాంటాసిడ్ తాగితే మందు సరిగ్గా ఎక్కదు, ఎడం ఉండాలి. విరేచనాలంటే ఆగే బిళ్ళ ఇచ్చి పంపేస్తారు, మాకు విరేచనాలు పట్టుకుంటే టాక్రోలిమస్ ఎక్కువ ఎక్కేస్తుంది, అదొక గొడవ, అందుకే ఆస్పత్రికి ఫోన్ చేశారా అని అడగండి.

పాత చీటీ మీద మళ్ళీ ఇచ్చేయడం ఇంకో రకం. పిల్లలు కావాలనుకునే ఆడపిల్లకి డాక్టర్లు గర్భం రాకముందే, కనీసం 6 వారాల ముందు మైకోఫెనలేట్ ఆపి అజాథియోప్రిన్‌కి మారుస్తారు, కడుపులో బిడ్డకి అవకరాలు వస్తాయని. ఆ అమ్మాయి మొగుడు ఇంట్లో దొరికిన పాత చీటీ పట్టుకొచ్చి అడిగితే మీరిచ్చేస్తే ఇంక చెప్పేదేముంది. చీటీ మీద తారీకు చూడండి.

ఆర్‌ఎంపీ డాక్టరు గార్లకి ప్రత్యేకంగా ఒక మాట. అర్ధరాత్రి తలుపు కొడితే మోటారు సైకిలేసుకుని వచ్చేది మీరే, మీ మీద నాకు గౌరవం లేక కాదు, మా నాన్నని ఆఖర్రోజుల్లో చూసింది కూడా మీలాంటాయనే. కానీ ఒళ్ళు నొప్పులు, జొరం అంటే డైక్లోఫెనాక్ సూది పొడిచేయడం మాత్రం మార్చిన కిడ్నీకి పనికిరాదు. ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా అంతే, టాక్రోలిమస్‌తో కలిసి కిడ్నీని రెండు వైపుల్నుంచీ కొడతాయి. పారాసిటమాల్ ఇవ్వండి, జొరం 100 దాటితే మాత్రం మీ దగ్గర ఉంచుకోకుండా ఆస్పత్రికి తోలేయండి. స్టెరాయిడ్ వాడే మనిషికి లోపల పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్నా జొరం కొంచెమే కనపడుద్ది, వాళ్ళకి 100 అంటే మనకి 103 అనుకోండి.

మందుల షాపుల్లోనే అమ్ముతున్నారు కాబట్టి ఇది కూడా రాస్తున్నా. కరోనా టైము నుంచి ప్రతి కౌంటరు మీదా ఇమ్యూనిటీ పెంచే సిరప్‌లు, తిప్పతీగ బిళ్ళలు వరసగా పెట్టారు. మా పిన్ని ప్రేమకొద్దీ తమ్ముడికి ఒక సీసా తెచ్చిచ్చింది. మేం వేలు తగలేసి ఇమ్యూనిటీ తగ్గించుకుంటుంటే పక్కనుంచి దాన్ని రెచ్చగొట్టడం ఏంటండి! ఆ సీసా ఎవరికమ్మినా అభ్యంతరం లేదు, ఒక్క ప్రశ్న అడిగి అమ్మండి.

తిండి సంగతి మీ పని కాదనుకోండి, అయినా చీటీ చూసినప్పుడు ఒక మాట చెప్తే వింటారు, ఇంట్లోవాళ్ళు చెప్తే వినరు. వినాయక చవితికి పాలవెల్లికి పంపర పనస కట్టకుండా మన దగ్గర పండగ ఉండదు, మర్నాడు వలిచి ఇల్లంతా పంచుకుంటారు. ద్రాక్షపండు పేరు పెట్టుకున్న గ్రేప్‌ఫ్రూట్ ఎలా టాక్రోలిమస్ లెవెల్ పెంచుతుందో ఈ పంపర పనస కూడా అలాగే పెంచుతుంది, దాని జాతిదే ఇది. ఇంగ్లీషు కరపత్రాల్లో గ్రేప్‌ఫ్రూట్ తినొద్దని ఉంటుంది, మన ఊళ్ళో దాన్ని చూసినవాడు ఎవడున్నాడు, అందుకని మనకేం సంబంధం లేదనుకుంటారు. ఇంక కొబ్బరి నీళ్ళు. అంబాజీపేట పక్కన ఉంటూ కొబ్బరి నీళ్ళు తాగొద్దంటే నవ్వుతారు, కానీ టాక్రోలిమస్ పొటాషియం పెంచుతుంది, కొబ్బరి నీళ్ళల్లో కూడా పొటాషియం బాగా ఉంటుంది, రక్తపరీక్షలో పొటాషియం ఎంతుందో చూసి డాక్టరు సరేనంటేనే తాగాలి. నీరసంగా ఉందంటే ముందు బొండం కొట్టిచ్చే ఊళ్ళు మనవి, అందుకే చెప్తున్నా.

మార్పిడి వాళ్ళ గురించే రాస్తున్నా కానీ ఇమ్యూనిటీ తగ్గించే మందులు కీళ్ళవాతానికీ, సోరియాసిస్‌కీ కూడా వాడతారు కదా. మెథోట్రెక్సేట్ అలాంటిదే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన ల్యాబులోంచి వచ్చిన మందు. కీళ్ళవాతానికి అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుని చచ్చిపోయినవాళ్ళున్నారు. కవరు మీద మీరు పెన్నుతో గీతలు గీసి ఇస్తారే, పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి అని, దీనికి మాత్రం "సోమవారం ఒక్కటే" అని అక్షరాలా రాసివ్వండి.

ఆఖరుగా వరదల సంగతి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక పడిందంటే లంకల్లో ఉన్నవాళ్ళకి ఇంక పడవే దిక్కు, 2022 జులైలో ఎలా ఉందో చూశాం కదా, ఊళ్ళకి ఊళ్ళు నీళ్ళల్లో, రోడ్లు లేవు, మీ షాపులకి సరుకు లేదు. బియ్యం, పాలపొడి పడవల్లో వస్తాయి, టాక్రోలిమస్ ఎవరు తెస్తారు? పన్నెండు గంటలకోసారి వేసుకోవాల్సిన మందు అది. జూన్ నెలాఖరు వచ్చేసరికి మీ దగ్గర రెగ్యులర్‌గా కొనేవాళ్ళకి ఒక నెల మందు ఎక్కువ తీసి పెట్టండి, కావాలంటే డబ్బులు ముందే కడతారు. మీరు మా లిస్టు రాసుకోవడం పెద్ద పనేం కాదు, ఒక్కో షాపుకి ఇద్దరో ముగ్గురో వస్తాం అంతే. పేరు, ఏ కంపెనీ మందు, ఎంత పవర్, ఆస్పత్రి నంబరు, ఈ నాలుగూ ఒక నోట్‌బుక్కులో రాసి క్యాష్ బాక్సు పక్కన పెట్టుకుంటే కొత్తగా చేరిన కుర్రాడైనా చూసి ఇస్తాడు.

కెమిస్టుల అసోసియేషన్ మీటింగులు అవుతుంటాయి కదా, అందులో ఎవరైనా ఈ ఉత్తరం చదివి వినిపిస్తే సంతోషం. మీలో ఎవరి దగ్గరైనా మేం వాడే కంపెనీ టాక్రోలిమస్ 1 మిల్లీగ్రాము, 0.5 మిల్లీగ్రాము రెండూ నెలనెలా తెప్పించి పెట్టే వీలుంటే ఈ కింద కామెంట్లో షాపు పేరు, టౌను పేరు రాయండి, స్ట్రిప్పు ఫోటో నేను పంపిస్తా. తెప్పించలేం అంటే కూడా ఆ మాటే రాయండి, రాజమండ్రి వెళ్ళి తెచ్చుకుంటాం, రావులపాలెం మీదుగా బస్సులు బోలెడున్నాయి.

ఇట్లు,
మలికిపురం వైపు నుంచి
ఒక అక్క